గాజు మేడల మధ్య ఐదు కిలోమీటర్లు

రాయదుర్గం మెట్రో స్టేషన్ దగ్గర ఇద్దరు సహోద్యోగులు తమ తమ ఫోన్లలో యాప్ నొక్కి ఒకేసారి బయల్దేరారనుకోండి. నాలెడ్జ్ సిటీ భవనాల చుట్టూ ఒక రౌండు, మైండ్‌స్పేస్ కూడలి దాకా ఒక సాగుడు, తిరిగి మెట్రో వంతెన నీడనే వెనక్కి. ఒకరి ఆయాసం ఒకరికి వినపడేంత దగ్గరగా పరిగెత్తారు. ఆగి చూసుకుంటే ఒకరి ఫోన్ 5.02 కిలోమీటర్లు అంటోంది, రెండోవారిది 5.31 అంటోంది. మొదటి పటంలో గీత రోడ్డు వెంట బుద్ధిగా నడిచింది. రెండో పటంలో అదే గీత ఒకచోట ఆఫీసు లాబీలోకి దూరి, గోడలోంచి బయటికొచ్చి, రోడ్డవతలి పార్కింగ్‌లో తేలింది. ఐడీ కార్డు అడిగిన సెక్యూరిటీ మనిషి లేడు. గడియారం మాత్రం ఇద్దరికీ 40 నిమిషాలే చూపిస్తోంది.

కొత్తగా పరుగు మొదలుపెట్టినవారికి ఇక్కడే అనుమానం పుడుతుంది. కిలోమీటరుకు 7 నిమిషాల 58 సెకన్లు పట్టిందా, 7 నిమిషాల 32 సెకన్లా? పోయిన వారం కన్నా మెరుగయ్యామా లేదా?

జవాబు చెప్పేముందు ఒక సంగతి తేల్చుకోవాలి. ఈ పరుగులో ఫోన్ దూరాన్ని నేరుగా కొలవనే లేదు. అది నిజంగా కొలిచేది కాలాన్ని. దూరం, పేస్ (కిలోమీటరుకు పట్టే సమయం), ఎత్తు, కేలరీలు అన్నీ ఆ కాలంలోంచి, ఒక అంచనా మీద ఇంకో అంచనా వేసుకుంటూ రాబట్టినవే. మూలానికి ఎంత దూరం పోతే అంకెలో తప్పు అంత పెరుగుతుంది. చిత్రమేమిటంటే, కొత్తవాళ్లు ఎక్కువగా నమ్మేది అట్టడుగున ఉన్న అంకెల్నే.

సైబరాబాద్‌లో ఈ కొత్తవాళ్లు చాలామందే ఉన్నారు. దుర్గం చెరువు గట్టు మీద, కొత్తగూడ బొటానికల్ గార్డెన్‌లో, గచ్చిబౌలి స్టేడియం చుట్టుపక్కల తెల్లారకముందే కనిపిస్తారు. అందరూ సరదాకే వచ్చారనుకోనక్కర్లేదు. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ, ఏఐజీ ఆసుపత్రి పరిశోధకులు 345 మంది ఐటీ ఉద్యోగులను పరీక్షించి 2025లో ‘సైంటిఫిక్ రిపోర్ట్స్’ పత్రికలో ఫలితాలు ప్రచురించారు. 84 శాతం మందికి కాలేయంలో కొవ్వు పేరుకుంది. 71 శాతం మందికి ఊబకాయం ఉంది. గంటల తరబడి కుర్చీలో కూర్చోవడం, రాత్రి షిఫ్టులు, వేళాపాళా లేని తిండి. రిపోర్టు చూసిన డాక్టర్ నడవమంటాడు, వీలైతే పరిగెత్తమంటాడు. ఉద్యోగరీత్యా డ్యాష్‌బోర్డుల మధ్య బతికే మనిషి బూట్లు కొనకముందే యాప్ దించుకుంటాడు.

నింగిలో గడియారాలు

మెరుపు మెరిసిన క్షణం నుంచి ఉరుము వినపడేదాకా అంకెలు లెక్కపెట్టి, పిడుగు ఎంత దూరంలో పడిందో చెప్పడం పల్లెల్లో పిల్లలకీ తెలుసు. జీపీఎస్ పద్ధతీ అదే. భూమికి 20,200 కిలోమీటర్ల ఎత్తున తిరిగే ఉపగ్రహం ‘నా గడియారంలో ఇప్పుడు టైమింత, నేను ఫలానా చోట ఉన్నాను’ అని రేడియో సంకేతం పంపుతుంది. నడినెత్తిన ఉన్న ఉపగ్రహం నుంచి ఆ సంకేతం మన ఫోన్‌కు చేరడానికి సెకనులో దాదాపు వందో వంతులు ఏడు పడుతుంది. ఆ ఆలస్యాన్ని కాంతి వేగంతో గుణిస్తే ఉపగ్రహం ఎంత దూరంలో ఉందో తెలుస్తుంది. మూడు ఉపగ్రహాల దూరాలు తెలిస్తే మనమెక్కడున్నామో తేల్చవచ్చు. అయితే ఫోన్‌లో ఉన్నది చవకరకం క్వార్ట్జ్ గడియారం, దాన్ని నమ్మలేం. దాని తప్పును పట్టుకోవడానికి నాలుగో ఉపగ్రహం కావాలి.

నానోసెకనులో, అంటే సెకనులో వందకోట్లో వంతులో, కాంతి 30 సెంటీమీటర్లు పోతుంది. కాబట్టి గడియారం వంద నానోసెకన్లు తప్పితే దూరం 30 మీటర్లు తప్పుతుంది. అందుకే ప్రతి ఉపగ్రహంలో పరమాణు గడియారాలుంటాయి. అవి చాలవని ఐన్‌స్టీన్‌ను కూడా లెక్కలోకి తీసుకోవాల్సి వచ్చింది. అంత ఎత్తున గురుత్వం తక్కువ కాబట్టి గడియారం రోజుకు 45 మైక్రోసెకన్లు ముందుకు పరిగెడుతుంది. వేగంగా కదులుతోంది కాబట్టి 7 మైక్రోసెకన్లు వెనకబడుతుంది. చివరికి మిగిలేది 38 మైక్రోసెకన్లు. దీన్ని సవరించకుండా వదిలేస్తే ఒక్క రోజులో పేరుకునే తప్పు 11 కిలోమీటర్లు, హైటెక్ సిటీ నుంచి టాంక్‌బండ్‌కు గీత గీస్తే వచ్చేంత దూరం.

గడియారం ఆగిపోతే ఉపగ్రహం ఏమవుతుందో మన పొరుగునే జరిగిన కథ చెబుతుంది. మన సొంత దారిచూపు వ్యవస్థ నావిక్‌లో తొలి ఉపగ్రహం ఐఆర్‌ఎన్‌ఎస్‌ఎస్-1ఏ 2013 జులై 1న శ్రీహరికోట నుంచి పైకి వెళ్లింది. కొన్నేళ్లకే అందులోని మూడు రుబీడియం గడియారాలూ, విదేశం నుంచి తెచ్చినవి, పనిచేయడం మానేశాయి. ఉపగ్రహం కక్ష్యలోనే ఉంది, కానీ టైము చెప్పలేని ఉపగ్రహం చోటు కూడా చెప్పలేదు. దాని స్థానంలోకి 2017 ఆగస్టు 31న పంపిన ఉపగ్రహం రాకెట్ మీది ఉష్ణకవచం విడిపోక అందులోనే చిక్కుపడిపోయింది. 2018 ఏప్రిల్‌లో ఇంకొకటి పంపారు. 2023 మే 29న వెళ్లిన ఎన్‌వీఎస్-01లో మన దేశంలోనే తయారైన రుబీడియం గడియారం ఉంది. మామూలు ఫోన్లు, వాచీలు సులువుగా అందుకునే ఎల్1 సంకేతాన్ని నావిక్‌కు జోడించిందీ అదే. ఇవన్నీ మన తీరం నుంచే ఎగిరాయి.

2000 సంవత్సరం మే నెల దాకా జీపీఎస్‌లో అమెరికా సైన్యం కావాలనే తప్పు కలిపేది. మామూలు జనానికి చోటు వంద మీటర్ల దాకా తేడాగా వచ్చేది. మే 1 అర్ధరాత్రి ఆ మీట కట్టేయడంతో అందరికీ ఒక్కసారిగా పదింతలు మెరుగైంది. పరుగు యాప్‌లు పుట్టడానికి అదే నాంది. రన్‌కీపర్ 2008లో, స్ట్రావా 2009లో వచ్చాయి.

అద్దాల దారి

విశాలమైన ఆకాశం కింద ఈనాటి స్మార్ట్‌ఫోన్ మన చోటును ఐదు మీటర్ల లోపు తేడాతో చెబుతుంది. దుర్గం చెరువు తీగల వంతెన మీద ఆకాశానికి కొరత లేదు. అక్కడ యాప్ చక్కగానే పనిచేస్తుంది. చిక్కంతా వంతెన దిగి నాలెడ్జ్ సిటీ వైపు మళ్లాక మొదలవుతుంది.

ఉపగ్రహం పంపే సంకేతం కొద్ది పదుల వాట్ల శక్తిది. ఇరవై వేల కిలోమీటర్లు వచ్చేసరికి అందులో మిగిలేది అత్యల్పం. దానికి అటూ ఇటూ ఇరవై ముప్పై అంతస్తుల భవనాలు అడ్డం నిలబడితే ఆకాశంలో సన్నటి పట్టీ మాత్రమే కనిపిస్తుంది, చాలా ఉపగ్రహాలు మరుగున పడతాయి. అవి పూర్తిగా మాయమైపోయినా బాగుండేది. మరుగున పడ్డ ఉపగ్రహపు సంకేతం ఎదుటి భవనం అద్దాలకు తగిలి ఫోన్‌కు చేరుతుంది. ఆ అద్దాలు కూడా మామూలువి కావు. హైదరాబాద్ ఎండ లోపలికి రాకుండా, ఏసీ బిల్లు పెరగకుండా వాటి మీద కంటికి కనపడనంత పలచని లోహపు పూత వేస్తారు. వేడిని వెనక్కి కొట్టే ఆ పూత రేడియో తరంగాలనూ వెనక్కి కొడుతుంది. చుట్టుతిరిగి వచ్చిన సంకేతం 20 మీటర్లు ఎక్కువ ప్రయాణిస్తే 67 నానోసెకన్లు ఆలస్యమవుతుంది. నేరుగా వచ్చిందా, అద్దం మీంచి మళ్లి వచ్చిందా అన్నది ఫోన్‌కు తెలియదు. ఉపగ్రహం ఇంకో 20 మీటర్లు దూరంగా ఉందనుకుని, మనల్ని లాబీలోకి తోసేస్తుంది.

దీనికి మందు లేకపోలేదు. పాత ఎల్1 సంకేతంలో ఒక్కో గుర్తు గాలిలో సుమారు 300 మీటర్ల పొడవుంటుంది. కొత్తదైన ఎల్5లో 30 మీటర్లే. గుర్తు పొట్టిదైతే అసలు సంకేతాన్నీ దాని ప్రతిఫలనాన్నీ విడదీయడం తేలిక. రెండింటినీ అందుకునే మొదటి స్మార్ట్‌ఫోన్ షావోమీ మి 8, 2018లో వచ్చింది. ఇప్పుడు చాలా ఖరీదైన ఫోన్లలో, పరుగు వాచీల్లో ఈ సదుపాయం ఉంది. మన ఇద్దరు సహోద్యోగుల ఫోన్ల మధ్య తేడా బహుశా ఇక్కడిదే. అంటే 5.31 చూపించిన ఆయన 26 సెకన్ల ఆధిక్యం కాళ్లది కాదు, ఫోన్‌ది.

మెట్రో వంతెన కింద, మైండ్‌స్పేస్ అండర్‌పాస్‌లో సంకేతం దాదాపు తెగిపోతుంది. అప్పుడు ఫోన్ లోపలి త్వరణమాపకం అడుగులు లెక్కపెట్టి, అంగ ఎంతుంటుందో ఊహించి ఖాళీ నింపుతుంది. కొన్ని యాప్‌లు ఆ కష్టం కూడా పడవు, చివరి చుక్క నుంచి కొత్త చుక్కకు తిన్నగా గీత గీసేస్తాయి. ఔటర్ రింగ్ రోడ్డు పక్కన 2023 అక్టోబరులో తెరిచిన 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాక్‌కు పైకప్పంతా సోలార్ పలకలే. సైకిల్ తొక్కేవారికి ఎండ తగలదు, వారి యాప్‌కు ఆకాశం సగమే దొరుకుతుంది.

ఇంకో అడ్డంకి గాలికి పైన ఉంది. అయనావరణంలోని ఎలక్ట్రాన్లు రేడియో సంకేతాన్ని ఆలస్యం చేస్తాయి. భూ అయస్కాంత మధ్యరేఖ మన దేశపు దక్షిణ కొస మీదుగా పోతుంది కాబట్టి, దానికి దగ్గరలో ఉన్న మన ప్రాంతాల మీద ఈ పొర ఎప్పుడూ నిలకడగా ఉండదు. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో నావిగేషన్ ఎలక్ట్రానిక్స్ కోసమే ఉన్న పరిశోధన కేంద్రంలో దీన్ని ఏళ్ల తరబడి అధ్యయనం చేశారు. తెల్లవారుజామున ఎలక్ట్రాన్లు అన్నిటికన్నా తక్కువ, మధ్యాహ్నం ఎక్కువ. పొద్దుగూకాక మార్చి–ఏప్రిల్, సెప్టెంబరు–అక్టోబరు నెలల్లో ఈ పొరలో బుడగల్లాంటి ఖాళీలు పుట్టి సంకేతాన్ని అల్లాడిస్తాయి. సూర్యుడి చురుకుదనం తారస్థాయిలో ఉన్న ఏళ్లలో ఇది మరీ ఎక్కువ. అలాంటి దశకు చేరామని 2024 అక్టోబరులో శాస్త్రజ్ఞులు ప్రకటించారు. అమెరికా క్లయింటు కాల్ అయ్యాక రాత్రి తొమ్మిదింటికి పరిగెత్తేవారి గీత ఎప్పుడైనా వంకర్లు పోతే ఫోన్‌ను తిట్టకండి. అయితే అయనావరణపు మామూలు ఆలస్యం నెమ్మదిగా మారుతుంది కాబట్టి మొత్తం గీతనే కొద్దిగా పక్కకు జరుపుతుంది, పొడవును పెద్దగా మార్చదు. పొడవును చెడగొట్టేది గాజే.

చుక్కల నుంచి కిలోమీటర్లకు

యాప్‌కు అందేది చుక్కల వరస, సాధారణంగా సెకనుకొకటి. వాటి మధ్య దూరాలను కూడితే పరుగు దూరం వస్తుంది. ఇక్కడ చిన్న రేఖాగణితం ఉంది. మీరు సెకనుకు రెండు మీటర్లు తిన్నగా వెళ్లారు. కానీ రెండో చుక్క జీపీఎస్ తప్పు వల్ల ఒక మీటరు పక్కన పడింది. పైథాగరస్ లెక్క ప్రకారం ఆ రెండు చుక్కల మధ్య దూరం 2.24 మీటర్లు, అంటే 12 శాతం ఎక్కువ. చుక్కలు కుడికి పడినా ఎడమకు పడినా గీత పెరుగుతుందే తప్ప తరగదు. ఈ పక్షపాతాన్ని ఆస్ట్రియాలోని సాల్జ్‌బర్గ్ పరిశోధకులు మరికొందరితో కలిసి 2016లో గణితంతో నిరూపించారు.

నిజ జీవితంలో తప్పు అంత పెద్దగా ఉండదు. పక్కపక్క చుక్కల్లోని తప్పులు ఒకే దిక్కుకు ఉంటాయి, యాప్‌లు గీతను నున్నగా చేస్తాయి, మలుపుల్లో ఆ నున్నదనమే కొంత దూరాన్ని కోసేస్తుంది కూడా. ఎంత నున్నగా చేయాలన్నది ఒక్కో యాప్‌ది ఒక్కో పద్ధతి. ఒకే ఫోన్‌లో రెండు యాప్‌లు రెండు దూరాలు చూపేది అందుకే. కానీ ఆ లెక్కలోనే కొత్తవాళ్లకు సంబంధించిన మెలిక ఒకటుంది. సెకనుకు నాలుగు మీటర్లు వెళ్లే ఆరితేరిన రన్నర్‌కు అదే ఒక మీటరు తప్పు పడితే పెరిగేది 3 శాతమే. ఎంత నెమ్మదిగా పరిగెడితే యాప్ అంత ఎక్కువ పొగుడుతుందన్నమాట. సిగ్నల్ దగ్గర నిలబడిపోయినవారి చుక్కలు ఉన్నచోటనే గంతులేసి ఇంకొన్ని మీటర్లు కూడతాయి. నిలబడగానే లెక్క ఆపే ఏర్పాటు యాప్‌లలో ఉన్నది ఇందుకే. దానివల్ల పేస్ అందంగా కనపడుతుంది గానీ, ఊపిరి తీసుకోవడానికి మూడుసార్లు ఆగిన సంగతి చెరిగిపోతుంది. కొత్తవారు ఆ ఏర్పాటును తీసేయడమే మంచిదని నా అభిప్రాయం. ఆగడం కూడా పరుగులో భాగమే.

స్క్రీన్ మీద క్షణక్షణం మారే పేస్ అంకెను అసలు పట్టించుకోవద్దు. మంచి పరికరాలు సంకేతపు పౌనఃపున్యంలో వచ్చే మార్పును బట్టి వేగాన్ని సూటిగా లెక్కగట్టి, పది ఇరవై సెకన్ల సగటు చూపిస్తాయి. అద్దాల మధ్య ఆ సగటు కూడా ఊగిపోతుంది. ఏ నిముషంలోనైనా పేస్ హఠాత్తుగా ఐదుకు పడిందంటే గాజు గోడ వచ్చిందని అర్థం. వీధికుక్క వెంటపడితే తప్ప.

ఎక్కువ చూపడం మారథాన్‌లలోనూ పెద్ద ఫిర్యాదే. ఏటా ఆగస్టులో జరిగే హైదరాబాద్ మారథాన్ నెక్లెస్ రోడ్డు పీపుల్స్ ప్లాజా దగ్గర మొదలై గచ్చిబౌలి స్టేడియంలో ముగుస్తుంది. 42.195 కిలోమీటర్లు కావాల్సింది వాచీలో అంతకు మించి వచ్చిందని, నిర్వాహకులు తప్పు కొలిచారని ఎవరో ఒకరు వాదిస్తారు. ధ్రువీకరించే మారథాన్ దారులను జీపీఎస్‌తో కొలవరు. సైకిల్ చక్రానికి ఒక లెక్కింపు యంత్రం బిగించి, ఉక్కు టేపుతో కొలిచిన దూరం మీద దాన్ని సరిచూసుకుని, ప్రతి మలుపునూ లోపలి అంచు వెంట అతి దగ్గరి దారిలో తొక్కుకుంటూ పోతారు. పొరపాటున కూడా తగ్గకూడదని కిలోమీటరుకు మీటరు చొప్పున కలుపుతారు. జనంలో పక్కకు తప్పుకుంటూ, నీళ్ల బల్ల కోసం అవతలికి దాటుతూ పరిగెత్తే మనిషి ఆ అతి దగ్గరి దారిలో పోలేడు. దానికి జీపీఎస్ కలిపే వంకర్లు అదనం.

ఆ మారథాన్‌కు ఇంకో పేరుంది: ఫ్లైఓవర్ల పరుగు. హుసేన్‌సాగర్ ఒడ్డు నుంచి జూబ్లీహిల్స్ గుట్టల మీదికి, అక్కడి నుంచి మళ్లీ కిందికి. ఈ నేలంతా రెండున్నర వందల కోట్ల ఏళ్ల నాటి గ్రానైట్ మీద ఎగుడుదిగుడుగా పరుచుకుని ఉంది. ఇటలీ శాస్త్రజ్ఞుడు ఆల్బెర్తో మినెట్టి బృందం 2002లో ప్రచురించిన కొలతల ప్రకారం, నూరు మీటర్లకు ఐదు మీటర్లు లేచే వాలు మీద ప్రతి మీటరుకూ ఒళ్లు ఖర్చు చేసే శక్తి సమతలం కన్నా దాదాపు 30 శాతం ఎక్కువ. బెంగళూరు కబ్బన్ పార్కులో ఉన్న మిత్రుడి పేస్‌తో మాదాపూర్ ఎత్తుల మీద మీ పేస్‌ను పోల్చుకుంటే అర్థం లేదు.

ఎత్తును యాప్ ఎలా తెలుసుకుంటుందన్నది వినోదభరితమైన విషయం. జీపీఎస్ ఎత్తు చెప్పడంలో బలహీనం. ఉపగ్రహాలన్నీ నెత్తిమీదే ఉంటాయి, కాళ్ల కింద ఒక్కటీ ఉండదు. అందుకని మంచి వాచీల్లో గాలి పీడనాన్ని కొలిచే బారోమీటర్ పెడతారు. ఎనిమిదిన్నర మీటర్లు ఎక్కితే ఒక మిల్లీబార్ తగ్గుతుంది. వానమబ్బు కమ్ముకొచ్చినా పీడనం తగ్గుతుంది కాబట్టి జూన్‌లో ఎక్కని కొండలు కూడా ఎక్కినట్టు కనిపించవచ్చు. బారోమీటర్ లేని ఫోన్ల కోసం కొన్ని యాప్‌లు అంతరిక్షం నుంచి గీసిన పటాల్లోంచి నేల ఎత్తును తీసుకుంటాయి. అలాంటి పటాల్లో ప్రసిద్ధమైనది 2000 ఫిబ్రవరిలో ఎండీవర్ అంతరిక్షనౌక 11 రోజుల్లో రాడార్‌తో గీసినది. అప్పటికి సైబర్ టవర్స్‌కు ఇంకా రెండేళ్లు నిండలేదు. తీగల వంతెన తెరుచుకున్నది 2020 సెప్టెంబరు 25న. ఆ పాత పటాన్ని నమ్మే యాప్‌కు వంతెన లేదు. మాదాపూర్ నుంచి జూబ్లీహిల్స్‌కు వంతెన మీద హాయిగా పోయిన మనిషి చెరువు నీళ్ల దాకా దిగి మళ్లీ గట్టెక్కినట్టు రాసి, ఎక్కిన ఎత్తుకు మార్కులు వేస్తుంది.

ఒంటి లెక్కలు

గొలుసులో ఇంకా కిందికి దిగితే గుండె వేగం వస్తుంది. వాచీ వెనక వెలిగే ఆకుపచ్చ దీపం కాంతిని రక్తం పీల్చుకుంటుంది. గుండె కొట్టుకున్నప్పుడల్లా మణికట్టులో రక్తం పెరిగి, తిరిగొచ్చే కాంతి తగ్గుతుంది. ఆ హెచ్చుతగ్గులను లెక్కపెడితే గుండె వేగం. పట్టీ వదులుగా ఉండి చెయ్యి ఊగుతుంటే వాచీ గుండె బదులు అడుగులను లెక్కపెట్టడం మామూలే. నిమిషానికి 165 అడుగులు వేస్తున్న మనిషికి గుండె 165 కొట్టుకుంటోందని చూపిస్తుంది, చూసినవారికి నిజంగానే గుండె దడ.

ఆ అంకెను మండలాలుగా విడదీసి ‘మీరు ఎర్రలో ఉన్నారు’ అని చెప్పడానికి చాలా యాప్‌లు వాడే సూత్రం 220లోంచి వయసు తీసేయడం. 1970ల మొదట్లో అప్పటికి దొరికిన కొన్ని పాత కొలతల మధ్య దాదాపు చేత్తో గీసినట్టు పుట్టిన గీత అది. దాని వెనక అసలు పరిశోధనంటూ ఏదీ లేదని 2002లో ఇద్దరు వ్యాయామ శాస్త్రజ్ఞులు వెతికి తేల్చారు. మెరుగైన సూత్రాలున్నా మనిషికీ మనిషికీ పది పన్నెండు కొట్టుకోళ్ల తేడా ఎలాగూ ఉంటుంది. పక్కనున్నవారితో పూర్తి వాక్యాలు మాట్లాడగలిగితే వేగం సరిపోయినట్టే. దీనికి చందా కట్టనక్కర్లేదు.

ఇక కేలరీలు. 2017లో స్టాన్‌ఫర్డ్ బృందం ఏడు చేతి పరికరాలను 60 మంది మీద పరీక్షించింది. ఆరు పరికరాలు గుండె వేగాన్ని 5 శాతం లోపు తేడాతో చెప్పాయి. ఖర్చైన శక్తి విషయంలో అన్నిటికన్నా మంచిది 27 శాతం, చెడ్డది 93 శాతం తప్పింది. పరికరం లేకుండానే ఒక మోటు లెక్క ఉంది: ఒంటి బరువులో ఒక్కో కిలోకు, ఒక్కో కిలోమీటరుకు ఒక కిలోకేలరీ. 75 కిలోల మనిషి ఐదు కిలోమీటర్లకు 375. ఆదివారం పరుగు అయ్యాక గచ్చిబౌలిలో నెయ్యి కారం దోశ తిని, ‘యాప్ ఆరువందలంది కదా’ అని ఇంకోటి తెప్పించుకునేవారికి ఈ లెక్క రుచించదు. పరికరం కట్టుకుంటే బరువు ఎక్కువ తగ్గుతుందనీ లేదు: పిట్స్‌బర్గ్‌లో 470 మంది యువతీయువకుల మీద రెండేళ్లు జరిపి 2016లో ప్రచురించిన పరీక్షలో, దండచేతికి కదలికలు కొలిచే పరికరం కట్టుకున్నవారు సగటున 3.5 కిలోలు తగ్గితే, అది లేకుండా అవే సలహాలు పొందినవారు 5.9 కిలోలు తగ్గారు.

ఇన్ని తప్పుల మధ్య తప్పు లేని అంకె ఒకటి మిగిలే ఉంది. నిమిషాలు. నానోసెకన్లకు పనికిరాని ఫోన్ క్వార్ట్జ్ గడియారం నిమిషాలకు చాలు: దానికి కాలం అద్దాల మధ్యా తెలుసు, అండర్‌పాస్‌లోనూ తెలుసు. విచిత్రంగా ఒంటికి అర్థమయ్యే కొలత కూడా అదే. గుండెకూ కండరానికీ ఎంతసేపు శ్రమపడ్డామన్నదే లెక్క, పటం మీద గీత పొడవు కాదు. జాష్ క్లార్క్ అనే అమెరికన్ 1996లో రూపొందించిన ‘కౌచ్ టు 5కె’ తొమ్మిది వారాల పద్ధతిలో మొదటి వారం పాఠం ఇది: ఐదు నిమిషాలు చురుకైన నడక, ఆ తర్వాత 60 సెకన్ల పరుగు, 90 సెకన్ల నడక, ఇలా మార్చి మార్చి 20 నిమిషాలు, వారానికి మూడు రోజులు. బ్రిటన్ ప్రభుత్వ ఆరోగ్య సేవ ఇదే పద్ధతిని ఉచిత యాప్‌గా ఇస్తోంది. ఆ యాప్‌లో పాఠాలు నిమిషాల లెక్కలోనే ఉంటాయి. మే నెల ఎండలో అదే 20 నిమిషాలకు తక్కువ దూరం వస్తుంది, రానివ్వండి. దూరం లక్ష్యంగా పెట్టుకున్నవారు ఎండాకాలంలో అదే పాఠానికి ఎక్కువ సేపు కాలిపోతారు.

దెబ్బలు తగిలేది తొందరపాటు వల్ల. ఊపిరి కొన్ని వారాల్లో కుదుటపడుతుంది. కండరాన్ని ఎముకకు కట్టి ఉంచే టెండన్లు, మోకాలి కింది ఎముక గట్టిపడటానికి నెలలు కావాలి. ‘ఇంకా పరిగెత్తగలను’ అని గుండె అనే రోజున కాలు ఇంకా సిద్ధంగా ఉండదు. వారానికి పది శాతానికి మించి పెంచొద్దని అందరూ చెప్పే సూత్రాన్ని నెదర్లాండ్స్‌లోని గ్రోనింగెన్‌లో 532 మంది కొత్త రన్నర్ల మీద పరీక్షించారు. సూత్రం పాటించి 13 వారాలు శిక్షణ పొందినవారిలోనూ, 8 వారాల్లోనే ముగించినవారిలోనూ దెబ్బలు తిన్నది ఐదోవంతు మందే. 2025లో డెన్మార్క్‌లోని ఆర్హస్ పరిశోధకులు 5,200 మంది రన్నర్ల వాచీ లెక్కలు తిరగేసినప్పుడు అసలు సంగతి బయటపడింది. వారం మొత్తం పెరగడానికీ దెబ్బలకూ వారు వెతికిన సంబంధం కనపడలేదు. ఒక్క పరుగు గత 30 రోజుల్లోని అతి పొడుగు పరుగును పది శాతానికి మించి దాటిందా, దెబ్బల రేటు గణనీయంగా పెరిగింది. రెట్టింపుకు మించినప్పుడు రెండింతలు దాటింది. వాళ్లలో ఎక్కువమంది అనుభవమున్నవారే, కొత్తవారికి ఇది ఇంకా కఠినంగా వర్తించినా ఆశ్చర్యం లేదు. మూడు కిలోమీటర్ల మనిషి ఆఫీసు టీమ్‌తో పాటు పేరిచ్చి ఒక ఆదివారం హఠాత్తుగా పది పరిగెత్తడం సైబరాబాద్‌లో ప్రతి సీజన్‌లోనూ జరిగే పని. యాప్‌లు వారం మొత్తాన్ని పెద్ద బార్లుగా గీసి చూపిస్తాయి. ‘ఈ నెల మీ అతి పొడుగు పరుగు ఇంత’ అన్న వాక్యం మొదటి స్క్రీన్ మీద ఉండాల్సింది. ఉండదు, మనమే వెతుక్కోవాలి.

చూసేవాళ్లు

ఆఫీసు గ్రూపుల్లో పెట్టే స్క్రీన్‌షాట్లకు మాత్రం బలముంది. ఎంఐటీకి చెందిన సినాన్ ఆరల్, క్రిస్టోస్ నికొలైడిస్ దాదాపు 11 లక్షల మంది రన్నర్లు ఐదేళ్లలో నమోదు చేసిన పరుగులను తరచి 2017లో ఫలితాలు ప్రకటించారు. స్నేహితుడి ఊళ్లో వాన పడితే అతని పరుగు తగ్గుతుంది. ఎండ కాస్తున్న ఇంకో ఊళ్లో మీ పరుగు కూడా తగ్గితే అది స్నేహం ప్రభావమే కానీ వాతావరణానిది కాదు. ఆ యుక్తితో చూస్తే, స్నేహితుడు ఒక కిలోమీటరు ఎక్కువ పరిగెడితే మీరు 300 మీటర్లు ఎక్కువ పరిగెడతారని తేలింది. ఎక్కువగా కదిలించేది ముందున్నవారు కూడా కాదు. తక్కువ పరిగెత్తేవాడు పెరుగుతుంటే ఎక్కువ పరిగెత్తేవాడికి కుదురుండదు. మీ రెండు కిలోమీటర్ల స్క్రీన్‌షాట్ చూసి మారథాన్ పతకాల మేనేజరు మర్నాడు అలారం ముందుకు జరుపుకుంటాడు.

పటం పంచుకోవడంలో ఒక్క జాగ్రత్త అవసరం. 2018 జనవరిలో స్ట్రావా ప్రపంచ పరుగుల పటాన్ని చూసిన ఆస్ట్రేలియా విద్యార్థి ఒకరు, ఎడారుల్లో రహస్య సైనిక స్థావరాల చుట్టూ జవాన్లు పరిగెత్తిన దారులు వెలుగుతున్నాయని బయటపెట్టారు. మనకు స్థావరాలు లేవు, ఇళ్లున్నాయి. రోజూ ఐదున్నరకు ఒకే గేటు దగ్గర మొదలై అక్కడే ముగిసే గీత ఇల్లెక్కడో, ఇంట్లో లేని వేళ ఏదో రెండూ చెబుతుంది. ఒంటరిగా పరిగెత్తే ఆడవాళ్లకు ఇది మరీ ముఖ్యం. మొదలు, చివర కొన్ని వందల మీటర్లు పటంలో కనపడకుండా దాచే ఏర్పాటు పేరున్న యాప్‌లలో ఉంటుంది, మొదటి పరుగుకు ముందే దాన్ని పెట్టుకోవాలి. కొండాపూర్, నల్లగండ్లలో ముప్పై అంతస్తుల టవర్లలో ఉండేవారికి ఇంకో చిన్న రక్షణ ఉంది. ఎత్తు చెప్పడంలో జీపీఎస్ బలహీనం కాబట్టి మీది ఏ అంతస్తో పటానికి తెలియదు. విడి ఇల్లున్నవారికి అదీ లేదు.